బస్సు కదిలితేనే గంపకు ధర

పొద్దుగాల పాలకూర మూట, వంకాయ గంప పట్టుకొని హత్నూర రోడ్డు మీద నిలబడే చిన్న రైతుకు బస్సు అంటే ఒక్క ప్రయాణమే కాదు, పంట ధర కూడా.

మన దిక్కు సర్కారు బస్సు పాతది. నిజాం రైల్వే కింద 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ మొదలైంది. అప్పట్లో కోస్తా జిల్లాల్లో ప్రైవేటు బస్సులే దిక్కు. 1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడ్డాక అక్కడి రూట్లు కూడా దశలవారీగా సంస్థ చేతికి వచ్చాయి. 1999 జనవరిలో రైతు బజార్లు మొదలయ్యాక కూరగాయల రైతుకు బస్సు అవసరం ఇంకా పెరిగింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు చార్జీ లేదు. గంపకు లగేజీ టికెట్ సంగతి వేరు, ఎక్కేముందే కండక్టరును అడగండి.

ఆకుకూర ఎండెక్కితే వాడిపోతుంది. తొలి బస్సు తప్పితే ఆటో కిరాయి మీద పడుతుంది, లేదా ఊళ్లోనే బేరగాడు చెప్పిన ధరకు ఇచ్చుకోవాలి.

అందుకే పది మంది రైతులు కూడండి. ఏ రోజుల్లో, ఏ వేళకు, ఎంతమంది సరుకుతో పోతారో కాగితం మీద రాసి, పంచాయతీ తీర్మానంతో డిపో మేనేజరుకు ఇవ్వండి. ఒక్కరు అడిగితే మాట, పది మంది రాసిస్తే లెక్క.