మన ఊరి బావికి కాపుదల

మంచినీళ్ల బావిని బాగుచేయుటకు డబ్బేది అని మనము నిట్టూర్చుచుందుము. 15వ ఆర్థిక సంఘము 2021-26 సంవత్సరములకు గ్రామీణ స్థానిక సంస్థలకిచ్చిన గ్రాంటులలో నూటికి 60 వంతులు రెండు పనులకే ప్రత్యేకించెను: సగము పారిశుద్ధ్యమునకు, సగము త్రాగునీటికి, వాననీటి నిలువకు.

అయితే కుళాయిలు వేయించి ఊరకుండిన చాలునా? ఊట ఇంకినచో కుళాయిలో గాలియే మిగులును. బావికి గట్టు, మురుగు పోవుటకు కాలువ, దగ్గరలో పేడకుప్పలు, మరుగుదొడ్డి గుంటలు లేకుండుట, వాననీటికి ఇంకుడు గుంట - ఇవే ఊటకు కాపుదల.

ఈ పనులను గ్రామసభలో చెప్పి, పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో వ్రాయించుదము. ఆ గ్రాంటులో మన బావికి ఎంత ఖర్చయినదో కూడ అడుగుదము. మన తల్లులు, అక్కచెల్లెండ్రు ముందు నిలిచి మాట్లాడవలెను. బిందె మోయువారికే నీటి బరువు తెలియును.