ఖాళీ టైములో చుట్టే గాజులు

"ఇంట్లోనే ఉంటున్నావు కదా, ఖాళీ టైములో గాజులు చేసి అమ్ముకోవచ్చుగా!" ఈ సలహా ఇచ్చేవాళ్లు మంచి మనసుతోనే ఇస్తారు. బేగంబజార్‌కో, విజయవాడ వన్‌టౌన్‌కో వెళ్లి సిల్క్ దారం, కుందన్లు, ప్లాస్టిక్ గాజులు, గ్లూ తెచ్చుకుంటే వ్యాపారం మొదలైపోయినట్టే అని వాళ్ల ఉద్దేశం. సీమంతాలకు, పెళ్లిళ్లకు పట్టుచీర మ్యాచింగ్ గాజులు చేసి ఇంటి నుంచే అమ్మేవాళ్లు ఇప్పుడు దాదాపు ప్రతి కాలనీలోనూ కనిపిస్తారు. వాళ్ల చెవిన పడే మాటల్లో సగం అపోహలే.

"ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునే పనే కదా!"

ఆ ఖాళీ ఎక్కడుందో చూపిస్తే చేసుకుంటారు. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. పిల్లల్ని, ముసలివాళ్లని చూసుకునే లెక్క వేరే. ఇవన్నీ పోను మిగిలిన టైముకే మనం ఖాళీ అని పేరు పెట్టాం.

పోనీ దొరికిన పది నిమిషాల్లో కాస్త, ఇంకో పది నిమిషాల్లో కాస్త చేసుకుందామా అంటే, అన్ని పనులూ అలా కుదరవు. దారం చుట్టడం మధ్యలో ఆపొచ్చు. కొస జారకుండా క్లిప్పు పెట్టేసి కుక్కర్ కట్టేసి రావొచ్చు. కుందన్లు అంటించడం ఆపలేం. గాజు మీద గీసిన గ్లూ మీద కొద్ది నిమిషాల్లోనే పొర కడుతుంది. ఆ పొర మీద పెట్టిన రాయి అంటుకున్నట్టే ఉంటుంది గానీ, పెళ్లి పందిట్లో ఊడి పడుతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు చుట్టే పని పగటికి, అంటించే పని పిల్లలు పడుకున్నాక పెట్టుకుంటారు. "రాత్రి పన్నెండు దాకా లైటు వేసుకుని ఏం చేస్తుందో" అని పక్కింటివాళ్లు అనుకునేది అప్పుడే.

సీజన్ ఇంకో తలనొప్పి. మాఘ, ఫాల్గుణాల్లో పెళ్లి ఆర్డర్లు వచ్చి పడతాయి. ఇంటర్, టెన్త్ పరీక్షలూ సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, ఫోను మోగదు. శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతం వాయనాలకు అందరికీ ఒకే శుక్రవారానికి గాజులు కావాలి. ఆషాఢంలోనే ఎరుపు, ఆకుపచ్చ, మెంతి రంగు గాజులు సాదాగా చుట్టి పెట్టుకున్నవాళ్లకే శ్రావణంలో కంటి నిండా నిద్ర.

"సామాను ఖర్చు మీద కాస్త వేసుకుంటే లాభమే!"

"దారమేగా అక్కా, ఇంత రేటా?" ఈ ప్రశ్నకు తడబడేది కొత్తవాళ్లే. ఒక సెట్టుకు సామాను 140 రూపాయలు అయిందనుకుందాం. 200కి అమ్మితే 60 మిగిలినట్టు అనిపిస్తుంది. ఆ సెట్టు మూడు గంటల పనైతే గంటకు 20 రూపాయలు పడింది. అందులోంచే డబ్బా, బబుల్ కవరు, బజారుకు పోయి వచ్చిన ఆటో చార్జీ, రంగు కుదరక పక్కన పడేసిన దారపు రీలు పోవాలి. కూలి కాదు కదా, ఎదురు మనమే ఇస్తున్నాం! రేటు కట్టేటప్పుడు ముందు గంట కూలి రాసుకుని, ఆ తర్వాత సామాను కలిపి, చివర్లో లాభం వేసుకోవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఇంట్లో కూర్చుని చేసిన పనికి కూలేమిటి అని మొగమాటం.

చేతిపని చవగ్గా దొరికితే సంతోషించే ముందు ఒకటి గుర్తుంచుకోవాలి. 2015లో హైదరాబాద్ పాతబస్తీలో గాజులు తయారుచేసే గదుల నుంచి బిహార్ పిల్లలను వందల సంఖ్యలో పోలీసులు విడిపించారు. మరీ తక్కువ రేటుకు చేతిపని వస్తోందంటే ఎవరి కూలో ఎగ్గొట్టినట్టే.

"పిల్లలు పక్కనే ఆడుకుంటుంటే మనం పూసలు గుచ్చుకోవచ్చు"

పాకే పిల్లలున్న ఇంట్లో మాత్రం వద్దు. మూడేళ్ల లోపు పిల్లలకు కనిపించిందల్లా నోట్లోకే. చిన్న పూస గొంతుకు అడ్డం పడటానికి క్షణం చాలు. గొలుసు కొక్కేలకు వాడే అయస్కాంతాలు ఇంకా ప్రమాదం. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని, మధ్యలో చిక్కిన పేగుకు చిల్లు పెట్టగలవు. వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. రెజిన్ నగలు చేసేవాళ్లు గ్లౌజులు వేసుకుని, కిటికీలు తీసి, పిల్లలు లేని గదిలో చేయాలి. వంటింటి గట్టు మీద అసలే కాదు.

"టెర్రకోట నగలు ఇంట్లో ఓవెన్‌లో కాల్చుకోవచ్చు"

కేకుల ఓవెన్ 250 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మట్టి మళ్లీ నీళ్లలో కరగనంత గట్టిపడాలంటే 600 దాటాలి. ఓవెన్‌లో పెట్టిన జుంకా ఎండుతుందే తప్ప కాలదు. చెమట తగిలితే మెత్తబడుతుంది. దానికి ఊక, పిడకలు పేర్చిన ఆవం ఉండాలి, లేదా బట్టీ. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఆవం పెడితే అసోసియేషన్ మీటింగు మన గుమ్మం ముందే జరుగుతుంది, అది వేరే సంగతి. ఓవెన్‌లో 130 డిగ్రీల దగ్గర గట్టిపడేది పాలిమర్ క్లే. అది ప్లాస్టిక్, మట్టి కాదు.

"2.10 గాజు 2.8 కంటే చిన్నది"

పెద్దది! ఇవి దశాంశాలు కావు. చుక్క తర్వాతది అంగుళంలో పదహారో వంతుల లెక్క. 2.4 అంటే రెండుంబావు అంగుళాలు, 2.8 అంటే రెండున్నర, 2.10 అంతకన్నా పెద్దది. ఈ ఒక్క లెక్క తెలియక వెనక్కి వచ్చే పార్శిళ్లకు కొరియర్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో చెప్పక్కర్లేదు. రంగుదీ ఇంతే. ఫోన్‌లో వంకాయ రంగులా కనిపించిన చీర చేతికొచ్చేసరికి నేరేడు రంగులో ఉంటుంది. చీర ఫొటో చాలదు, జాకెట్టు గుడ్డ ముక్క పంపమని అడగాలి.

"జర్మన్ సిల్వర్ అంటే కాస్త తక్కువ రకం వెండి"

అందులో వెండి ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది. అలాగే ఒన్ గ్రామ్ గోల్డ్ గొలుసులో గ్రాము బంగారం ఉందని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇత్తడి మీదో, రాగి మీదో పలచటి బంగారు పూత, అంతే. పూత నగల్లో తప్పేమీ లేదు. మచిలీపట్నం దగ్గర చిలకలపూడికి పేరు తెచ్చింది రోల్డ్ గోల్డే. దేన్ని దాని పేరుతో అమ్మితే చాలు. నికెల్ పడనివాళ్లకు చెవి తమ్మెలు దురద పెట్టి చీము పట్టొచ్చు కాబట్టి, కొనేవాళ్లు అడగకముందే చెప్పడం అమ్మేవాళ్ల బాధ్యత.

"జీఎస్టీ లేకుండా అమ్మకూడదట", "చేతిపనికి జీఎస్టీయే లేదట"

రెండూ తప్పే. సరుకులు అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవర్ ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. ఇది లాభం లెక్క కాదు, మొత్తం అమ్మకాలది. ఇమిటేషన్ నగల మీద పన్ను 3 శాతం. మట్టి గాజుల మీద లేదు. సరుకు వేరే రాష్ట్రానికి పంపితే మామూలుగా మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. అయితే చేత్తో చేసిన ఇమిటేషన్ నగలు హస్తకళల జాబితాలో ఉన్నాయి కాబట్టి, 20 లక్షల లోపువాళ్లకు మినహాయింపు ఉంది. దానికి పాన్ ఉండాలి, పార్శిల్ ఎంత చిన్నదైనా ఈ-వే బిల్లు తీయాలి. షాపింగ్ యాప్‌ల ద్వారా సొంత రాష్ట్రంలోనే అమ్మే చిన్నవాళ్లకు 2023 అక్టోబర్ 1 నుంచి ఎన్‌రోల్‌మెంట్ నంబరు చాలు.

ఆన్‌లైన్ అమ్మకాల్లో ఇంకో జాగ్రత్త. డబ్బు రావడానికి పిన్ కొట్టమని ఎవరడిగినా ఫోను పెట్టేయండి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. స్క్రీన్‌షాట్ చూసి పార్శిల్ కట్టొద్దు, ఖాతాలో పడిందో లేదో చూసుకోవాలి.

"ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఏజెంటుకు డబ్బు కట్టాలి"

చిన్న వ్యాపారాలను నమోదు చేసే ఈ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్ ఉంటే చాలు. ఫీజు అడుగుతోందంటే అది ప్రభుత్వ సైటు కాదు. అసలు చిక్కు వేరే. గాజులు చేసేది ఆవిడ, యూపీఐ నంబరు ఆయనది, ఉద్యమ్ కూడా ఆయన పేరు మీదే. నాలుగేళ్ల తర్వాత ముద్ర రుణ పథకంలోని శిశు విభాగం కింద 50 వేల లోపు అప్పుకు ఆవిడ బ్యాంకుకు వెళితే, తాకట్టు ఏమీ అడగరు గానీ వ్యాపారం జరుగుతోందని చూపించే లెక్క అడుగుతారు. ఆ లెక్కంతా ఆయన ఖాతాలో, కరెంటు బిల్లుకూ స్కూలు ఫీజుకూ మధ్య కలిసిపోయి ఉంటుంది. ఆవిడ పేరున వేరే సేవింగ్స్ ఖాతా తెరవడం మొదటి దారపు రీలు కొన్న రోజే అయిపోవాలి.