లంబసింగి కనుమదారిని సైకిలు ప్రయాణము

నాతవరమునుండి లంబసింగికి సైకిలుమీఁదఁ బోఁదలఁచువారు నర్సీపట్నము మీదుగాఁ జింతపల్లి బాట పట్టవలయును. డౌనూరువఱకు శ్రమ స్వల్పము. పిదపఁ గనుమ యారంభమగును. సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల యెత్తునఁ గాని యది విడువదు.

ఈ బాట గిరిజనుల చెమటతో నేర్పడినది. ఆంగ్లేయ ప్రభుత్వకాలమున దీని పనికి వారిని బలవంతముగాఁ దెచ్చి, న్యాయమైన కూలి యీయక చాకిరి చేయించిరి. 1922లో అల్లూరి సీతారామరాజు నడపిన పితూరికి నిదియు నొక కారణము. ఆ యేఁట ఆగష్టు 22వ తేదిని ఆయన యనుచరులతోఁ జింతపల్లి ఠాణాపైఁ బడి తుపాకులు గొనిపోయెను. మలుపు మలుపునకు నాయాసపడు విద్యార్థు లీ సంగతి యెఱిఁగియుండవలయును.

ఎక్కునపుడు గొలుసును ముందరి చిన్న పండ్లచక్రమునకును, వెనుకటి పెద్దదానికిని మార్చినచో వేగము తగ్గును గాని కాలికి బరువు తెలియదు. గేర్లు లేని బండివారు దిగి నడచుటయే మేలు. అందు సిగ్గుపడ నేమియు లేదు. వేయి మీటర్లు పైకిఁ బోవునప్పటికి గాలి సుమారు 6 డిగ్రీలు చల్లఁబడును. పుష్యమాసమునఁ జెమటచొక్కాతోఁ బైన నిలిచినవాఁడు వణఁకక తప్పదు గనుక పొడిచొక్కా యొకటి వెంట నుండవలయును.

అసలు ప్రమాదము దిగుటయం దున్నది. వేగము రెండింతలైనచో, బ్రేకు వేసిన పిదప బండి నిలుచుటకు నాలుగింతల దూరము పట్టును. బ్రేకు నెడతెగక నొక్కియుంచినచోఁ జక్రపుటంచు కాఁగి ట్యూబు పగులవచ్చును. నడుమ నడుమ నాఁగి చల్లాఱనీయవలయును. వేగము తగ్గించుట మలుపు రాకమునుపే గాని మలుపులోఁ గాదు. మంచు దట్టముగాఁ గప్పినపు డెదుట వచ్చు లారీ కంటఁబడదు. పొద్దెక్కి యది విడుచువఱకు లంబసింగిలోనే కూర్చుండి వేఁడి టీ త్రాగవచ్చును.