నడివయస్సులో స్త్రీ మనస్సు: మెల్బోర్న్ పరిశోధన చెప్పినదేమి?

సిడ్నీ నగరానికి దక్షిణంగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, బొగ్గుగనుల ఊరుగా పెరిగిన హెలెన్స్‌బర్గ్‌లో 1985లో శ్రీ వేంకటేశ్వరాలయం వెలసింది. సిడ్నీ తెలుగు కుటుంబాలకు నాటి నుండి అదే తిరుమల. వారాల ముందే ప్రయాణం నిశ్చయించుకొని, తీరా ఆ ఉదయం "మీరు వెళ్ళి రండి" అని ఇంట నిలిచిపోయే గృహిణులు ఎందరో ఉన్నారు. నలభై ఐదు దాటిన తరువాత ఈ ఇబ్బంది అధికమవుతుంది. ఒకసారి ఇరవై రోజులకే, మరొకసారి రెండు నెలలకు నెలసరి వస్తుంది. పంచాంగం చూచి వ్రతం పెట్టుకొనే అలవాటున్న స్త్రీకి ఈ అనిశ్చితి చిన్న విషయం కాదు.

అండాశయాలలోని అండాల నిల్వ తరిగేకొద్దీ ఈస్ట్రోజెన్ హార్మోను క్రమంగా తగ్గిపోక, కొన్ని సంవత్సరాల పాటు హెచ్చుతగ్గులకు లోనవుతుంది. శరీరోష్ణాన్ని నియంత్రించే మెదడు భాగం ఈ ఒడిదుడుకులకు చలించుట వలన వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు కలుగుతాయి. నిద్ర చెడుతుంది. నిద్ర చెడినవారికి విసుగు, మతిమరుపు కలుగుట సహజమే. పన్నెండు నెలలు వరుసగా నెలసరి రానిచో దానిని ఋతువిరతి అంటారు. ఆస్ట్రేలియాలో ఇది సగటున 51వ ఏట, భారతదేశంలో నాలుగైదేళ్ళు ముందుగానే వస్తుంది.

ఇంతవరకు దేహధర్మం. మనస్సు సంగతి వేరు. "ఆ వయస్సులో ఇంతేలే" అని ఇంటిల్లిపాది తేల్చివేసే మాటకు ఆధారమున్నదా? మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో లొరైన్ డెన్నర్‌స్టైన్ బృందం 1991 నుండి 45–55 ఏళ్ళ వయస్సు గల 438 మంది స్త్రీలను ఏటేటా పరీక్షించింది. ఏళ్ళు గడిచేకొద్దీ వారిలో దిగులు తగ్గి, మనశ్శాంతి పెరిగింది! దిగులును నిర్ణయించినది హార్మోను కంటె ఆరోగ్యం, దాంపత్యం, ఉద్యోగంలో సంతృప్తి, దినదినమూ ఎదురయ్యే చికాకులు. చివరి బిడ్డ ఇల్లు విడిచిన తరువాత అధికసంఖ్యాకుల మనఃస్థితి మెరుగుపడినదే గాని క్రుంగలేదు.

అయితే ఆ స్త్రీలందరూ ఆస్ట్రేలియాలో పుట్టినవారే. 1996లో మొదలైన అమెరికా పరిశోధన ఐదు జాతుల స్త్రీలను తీసుకొన్నది గాని, అందులోను భారతీయులు లేరు. ఆ ఫలితాన్ని తెలుగు స్త్రీకి యథాతథంగా అన్వయించరాదు. దేహధర్మం ఒకటే అయినా పరిస్థితులు వేరు. గుంటూరులో తల్లికి జబ్బు, ఇక్కడ కుమారునికి పరీక్షలు, ఇండియాలో చదివిన పట్టా ఈ దేశంలో చెల్లక వదులుకొన్న ఉద్యోగం, పిల్లలు వెళ్ళిపోతే పలుకరించే బంధువులు లేని వీధి: ఆమె చికాకుల జాబితా ఇది. అందులో సగమైనా హార్మోనుది కాదు, కుటుంబం సర్దుకొంటే తగ్గేది.

వయస్సుతో పాటు ఉద్వేగాలను అదుపుచేసుకొనే నేర్పు పెరుగుతుందనీ, మనుష్యులు తమకు ముఖ్యమైన బంధాలనే ఎన్నుకొంటారనీ స్టాన్‌ఫర్డ్ మనస్తత్వవేత్త లారా కార్‌స్టెన్‌సెన్ నిరూపించారు. "నలుగురేమనుకొంటారో" అన్న భయం ఈ వయస్సులో సడలడం ఆ నేర్పులో భాగమే. కాని పూర్వం క్రుంగుబాటుకు గురైనవారికి ఈ కాలంలో అది తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. వారాల తరబడి దిగులు, నిరాసక్తత ఉంటే దానిని వయస్సు మీదికి నెట్టడం ప్రమాదకరం. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడ ఇవే లక్షణాలు చూపుతాయి.

మరొక విషయం బాహాటంగా చెప్పవలసినది. పూజకో, తిరుపతి యాత్రకో నెలసరిని వెనుకకు జరిపే మాత్రలు ఇండియా నుండి తెప్పించుకొని, వైద్యునికి చెప్పకుండా మ్రింగే అలవాటు మనలో ఉన్నది. కొందరిలో వాటి వలన రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. అంతేగాక, లెక్క తప్పిన రక్తస్రావానికి గల అసలు కారణాన్ని అవి కప్పిపుచ్చగలవు. ఋతువిరతి తరువాత ఒక్క చుక్క కనిపించినా ఆలస్యం చేయరాదు. అట్లని గర్భసంచి తీయించుకొనడమే పరిష్కారం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో ఈ శస్త్రచికిత్స జరిగినవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు కాగా, రెండు తెలుగు రాష్ట్రాలలోను 8 శాతం దాటారు. అండాశయాలు కూడ తీసివేస్తే ఋతువిరతి ఒక్కరోజులో వచ్చి పడుతుంది.

2002లో ఒక అమెరికన్ పరిశోధన వలన హార్మోను చికిత్సపై భయం వ్యాపించింది. అందులో పాల్గొన్నవారి సగటు వయస్సు 63. అరువది ఏళ్ళలోపు, బాధలు తీవ్రంగా ఉన్నవారిలో పెక్కుమందికి దాని వలన మేలే ఎక్కువని తరువాత తేలింది. రొమ్ము క్యాన్సరు వచ్చినవారి విషయం వేరు. ఆస్ట్రేలియాలో 2025 జూలై నుండి ఋతువిరతి పరీక్షకు మెడికేర్ ప్రత్యేకంగా సహాయం ఇస్తున్నది. ఇంగ్లీషులో చెప్పలేనివారు టెలిఫోను దుబాసీని కోరవచ్చు. కుమారుని ముందు, భర్త ముందు చెప్పలేని మాటలు ఆ దుబాసీ ద్వారా వైద్యునికి చేరుతాయి.