మేస్త్రి మాట, కూలి మౌనము

నిజామాబాదు నుండి ఆర్మూరునకు పోవు బాటలో అంకాపూరు తగులును. బాటప్రక్క కాల్చిన మక్కకంకులు, ఊరిలో నాటుకోడి కూర - ఈ ఊరి పేరు చెప్పగానే ప్రయాణికులకు జ్ఞప్తికి వచ్చునవి యివి. పసుపు వ్యాపారులకును, విత్తనముల వారికిని అంకాపూరు మరియొక విధముగా పరిచితము. జొన్న, సజ్జ, మక్కజొన్నల సంకరవిత్తనములను పండించుటలో ఈ గ్రామము దశాబ్దములుగా పేరు వడసినది. పనివారిచేత ఉత్సాహముతో పని చేయించుటను గూర్చి ప్రసంగించువారు సాధారణముగా పెద్ద కర్మాగారముల నుదాహరింతురు. నాకు మాత్రము విత్తనపు మక్కచేనుకంటె మంచి పాఠశాల కానరాదు.

ఆ చేనిలో ఆడసాళ్లు, మగసాళ్లు వేరువేరుగా నుండును. తరచుగా నాలుగు ఆడసాళ్లకు రెండు మగసాళ్లు వేయుదురు. మక్కమొక్కకు పైన జల్లు, నడుమ పీచుతో కంకి, రెండును ఒక్క మొక్కయందే కలుగును. ఆడసాళ్లలోని జల్లులను పుప్పొడి రాలకమునుపే పెరికివేసిననే మగసాళ్ల పుప్పొడి ఆ పీచును చేరి సంకరవిత్తన మేర్పడును. జల్లులన్నియు ఒకనాడే వెలువడవు గనుక కూలీలు ఇంచుమించు రెండు వారములు ప్రతిదినము సాళ్లవెంట తిరుగవలసినదే. ఆకుల అంచులు చేతులను కోయును. పుప్పొడి కండ్లలో పడును. పీచు వెలువడిన దశలో ఆడసాళ్లయందు పుప్పొడి రాల్చు జల్లులు నూటికి ఒకటి మించెనా, ధ్రువీకరణపు తనిఖీలో ఆ చేను నిలువదు.

ఒక కూలి స్త్రీ సాలు దాటిన పిమ్మట వెనుదిరిగి, తాను విడిచిన జల్లు నొకదానిని చూచినదనుకొందము. ఆమె ఆ మాట పైకి చెప్పునా? నిన్న ఇట్టి తప్పునకే మేస్త్రి మరియొకతెను పదిమంది యెదుట తిట్టియుండినచో చెప్పదు. తల వంచుకొని ముందుకు సాగును. జల్లు తన పని తాను చేయును. ఆ తప్పు బయటపడునది మరుసటి యేట, ఎక్కడనో మరియొక రైతు చేనిలో, ఏపుగా పెరుగవలసిన మొక్కల నడుమ గిడసబారిన మొక్కలు కనిపించినప్పుడు. అప్పటికి మేస్త్రియు లేడు, ఆ కూలియు లేదు. అప్పు తెచ్చి విత్తనము కొన్న రైతు మాత్రము ఉన్నాడు.

అమెరికాలో ఆమీ ఎడ్మండ్సన్ అను పరిశోధకురాలు ఆసుపత్రులలోని నర్సుల బృందములను పరిశీలించి, మందు లిచ్చుటలో జరుగు పొరపాట్లను గూర్చి 1996లో ఒక వ్యాసమును ప్రకటించినది. మంచి నాయకత్వము గల బృందములలో పొరపాట్లు తక్కువగా నుండునని ఆమె తొలుత భావించినది. లెక్కలు చూడగా అట్టి బృందములందే ఎక్కువ పొరపాట్లు నమోదైనవి! విచారింపగా, అచ్చటి నర్సులు భయము లేక తమ తప్పులను తామే చెప్పుచుండిరనియు, తక్కినచోట్ల దాచుచుండిరనియు తోచినది. తప్పుల చిట్టా ఖాళీగా నున్నదని సంతోషించు అధికారులు ఈ సంగతి ఒకమారు తలపోయుట మంచిది.

ఉద్యోగమున చేరిన క్రొత్తలో నేనును అట్టి అధికారి యొకరి క్రింద పనిచేసితిని. ఒకనాటి రాత్రి ఒక ప్రసంగమునకు బదులు మరియొకటి ప్రసారము చేసి, ఆ సంగతి పుస్తకమున వ్రాయక దాచితిని. నిద్ర పట్టలేదు. అదే పొరపాటు మరు వారము నా సహోద్యోగియు చేసెను; పెట్టెలపై చీటీలు తారుమారైన సంగతి నేను ముందే చెప్పియుండినచో అతనికి ఆ గతి పట్టకపోవును.

మక్కచేనికి మరల వత్తము. మంచి మేస్త్రి ఉదయమున మొదటి సాలు తానే నడచి, ఏ జల్లు తీయవలయునో, ఎందుకు తీయవలయునో చేతితో చూపును. ఎందుకో తెలిసిన కూలికిని, తెలియని కూలికిని చూపులోనే భేదముండును. ఒకరి సాలును వెనుకనుండి మరియొకరు చూచునట్లు జంటలు కట్టును. "అన్నా, అటు సాల్ల ఒక జల్లు ఇడిసిపెట్టిన" అని ఒకతె చెప్పినచో, "చెప్పినవ్, మంచిగైంది. పా, తీసేద్దాం" అని వెంట పోవును. తనిఖీలో చేను నెగ్గిననాడు ఆ మాట రైతు ఇంటనే నిలిచిపోక కూలీలకు చేరునట్లు చూచును. కూలి డబ్బులు చెప్పిన దినముననే చేతిలో పెట్టించును. దీనిని విడిచి తక్కిన సుగుణము లెన్ని యున్నను నిష్ఫలమే.

ఇచ్చట రైతుల నొక మాట అడుగవలసియున్నది. ఎకరమునకింత యని గుత్తకు ఒప్పజెప్పి, పిమ్మట జల్లులు విడిచిరని కోపించుట న్యాయమా? గుత్త యిచ్చినవాడు వేగమును కొన్నాడు. కన్ను నిలిపి చేయవలసిన యిట్టి పనికి దినకూలియే తగునని నా అభిప్రాయము. ఖర్చు కొంత పెరుగును, నిజమే.

పసుపు పనిలో నాయకత్వము మరియొక రూపము దాల్చును. త్రవ్విన పసుపును ఉడికించునప్పుడు తక్కువైనచో లోపల సమముగా ఉడకదు, ఎక్కువైనచో రంగు చెడును. నురుగు పొంగి, తెల్లని ఆవిరితో పసుపు వాసన వెలువడు సమయమును కనిపెట్టవలయును. చేను రైతుది, కట్టెలు రైతువి, అప్పును రైతుదే. ఐనను తెలిసిన రైతు కడాయి ప్రక్క నిలిచి, ఏండ్ల తరబడి ఆ పనిలో నెరసిన ముసలి కూలి ముఖము వంక చూచును. "తాతా, తియ్యాల్నా?" అని యడుగును. ముసలివాడు పుల్లతో ఒక కొమ్మును గ్రుచ్చి చూచి, "ఇంకింత ఆగు పటేలా" అనును. రైతు ఆగును.