వరద బాధితులకు చర్చి అన్నం పెడితే.. బిల్లు కట్టాల్సింది ఎవరు?

2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్ అమెరికా గల్ఫ్ తీరాన్ని తాకింది. న్యూ ఆర్లీన్స్ నగరంలో దాదాపు 80 శాతం నీట మునిగింది. ప్రభుత్వ శిబిరాలు చాలకపోవడంతో ఎన్నో చర్చిలు తలుపులు తెరిచాయి. నాలుగు రోజులనుకున్నది వారాలు సాగింది. కరెంటు, సరుకులు, నీళ్లు.. ఖర్చంతా చర్చి మీదే.

ఆ సెప్టెంబరు చివర్లో ఫెమా ఓ ప్రకటన చేసింది. (మన విదేశీ మారకద్రవ్య చట్టం కాదండీ, ఇది అక్కడి కేంద్ర విపత్తు నిర్వహణ సంస్థ.) లూసియానా, మిసిసిపి, అలబామాల్లో శిబిరాలు నడిపిన మత సంస్థలకు ఆ ఖర్చు తిరిగి ఇస్తామంది. అద్దె, తిండి, అదనంగా పెట్టుకున్న పనివాళ్ల కూలి ఇందులోకి వస్తాయి. కానీ ఒక షరతు ఉంది. శిబిరం పెట్టమని రాష్ట్రమో, స్థానిక ప్రభుత్వమో అడిగి ఉండాలి. తమంతట తాము తెరిచిన చర్చికి పైసా రాదు.

గొడవ ఇక్కడే మొదలైంది. పన్నుల సొమ్ము మతానికి ఎలా ఇస్తారని చర్చి, ప్రభుత్వం వేరుగా ఉండాలనే వాళ్లు నిలదీశారు. చిత్రమేమిటంటే, కొందరు చర్చి పెద్దలూ వద్దన్నారు. సేవకు బిల్లు వేస్తే అది సేవ ఎలా అవుతుందన్నది వాళ్ల మాట.

ఇద్దరి వాదనలోనూ పస ఉంది. అయినా నిరాశ్రయులకు నీడ చూపించే బాధ్యత ప్రభుత్వానిది. తన పనిని ఇంకొకరికి అప్పగించినప్పుడు ఖర్చు ఇవ్వడం ప్రార్థనకు డబ్బివ్వడం కాదు. ఆ భవనం ఫంక్షన్ హాలైతే అద్దె గురించి ఎవరైనా అడిగేవారా?

చర్చి భవనం మరమ్మతు మాత్రం వేరే లెక్క. సగానికి మించి మత కార్యక్రమాలకు వాడే భవనాలకు ఫెమా సాయం చేసేది కాదు. 2017లో హార్వీ హరికేన్ తర్వాత (హ్యూస్టన్‌లో మీవాళ్లుంటే ఆ రోజులు గుర్తుండే ఉంటాయి) టెక్సస్‌లో మూడు చర్చిలు కోర్టుకెక్కాయి. వాటిలో ఒకటి తాను దెబ్బతిని కూడా బాధితులకు ఆశ్రయమిచ్చింది. 2018 జనవరిలో ఫెమా నిబంధన మార్చింది, ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ దాన్ని చట్టంలో చేర్చింది. ఇది నాకు అంత తేలిగ్గా మింగుడుపడదు. శిబిరం బాధితుల కోసం, పైకప్పు సంఘం కోసం కదా!

డబ్బు నేరుగా చర్చి చేతికి రాదు. మామూలుగా స్థానిక ప్రభుత్వంతో ఒప్పందం ఉండాలి, బిల్లులు దానికే ఇవ్వాలి. అర్హమైన ఖర్చులో ఫెమా వాటా కనీసం 75 శాతం. మన రాష్ట్రాల విపత్తు సహాయ నిధిలో కేంద్రం వాటా కూడా అంతే. అందుకే అక్కడ శిబిరం పెట్టమని ఫోన్ వస్తే, వంట మొదలుపెట్టినా సరే, అడిగినట్టు ఒక కాగితం తెప్పించుకోవాలి. ఎందరు పడుకున్నారో, ఎన్ని భోజనాలు పెట్టారో ఏ రాత్రికారాత్రి రాసి పెట్టుకోవాలి.