నీట్ మార్కులకు గడువెంత?

ఇటీవల భావనపాడులో ఆదివారపు ఆరాధన అయిన తరువాత ఒక తండ్రి మమ్ములను ప్రక్కకు పిలిచి, జేబులోనుండి మడతలుపడిన కాగితము తీశారు. 2025లో నీట్ వ్రాసిన వారి అమ్మాయి మార్కులవి. అర్హత మార్కు దాటింది గాని సీటు రాలేదు. "ఈ మార్కులు మూడేళ్ళు పనికొస్తాయన్నారండి. వచ్చే యేడు ఇక్కడే ప్రైవేటు కాలేజీలో సీటు ఇప్పిస్తామని ఒకాయన అడ్వాన్సు పట్టుకెళ్ళాడు. నిజమేనాండి?" అన్నారు. ఆ అడ్వాన్సు కొత్త వలలకని దాచుకొన్న సొమ్ము.

ఆ ఏజెంటు చెప్పినదానిలో సగమే నిజము. ఆ సగమే ప్రమాదము.

మన దేశములో ఎం.బి.బి.ఎస్. చేరుటకు నీట్ మార్కులు ఆ ఒక్క సంవత్సరపు కౌన్సెలింగ్‌కే చెల్లుతాయి. విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయము నింపే సీట్లయినా, ప్రైవేటు కాలేజీలో మేనేజిమెంటు సీటయినా ఇంతే. మునుపటి ఎంసెట్ ర్యాంకు కూడా ఆ యేటికే గదా! ఏటేటా ప్రశ్నపత్రము మారుతుంది, వ్రాసేవారూ మారతారు. 2024లో జనరల్ వారికి అర్హత మార్కు 720కి 162. పేపరు కఠినముగా వచ్చిన 2025లో అది 144కు దిగింది. 150 మార్కులు ఒక యేడు చాలలేదు, మరుసటి యేడు చాలినవి. అలాంటప్పుడు పాత మార్కులను కొత్తవాటి ప్రక్కన ఎలా నిలబెడతారు? మళ్ళీ వ్రాస్తే ఇంతకుముందుకంటే తక్కువ వచ్చినా, పాతవి చూపించుకొనే వీలు లేదు.

వెల్లూరు సి.ఎం.సి.లో సంఘము సిఫారసు ఉంటే చాలునని మనలో కొందరు ఇంకా అనుకొంటున్నారు. ఒకప్పుడు ఆ కాలేజీకి స్వంత ప్రవేశ పరీక్ష ఉండేది. మైనారిటీ కాలేజీలకు కూడా నీట్ వర్తిస్తుందని 2020 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనుక సిఫారసు పత్రముతోపాటు ఆ యేటి నీట్ మార్కులు కూడా ఉండవలసినదే.

మరి మూడేళ్ళ మాట ఎక్కడిది? అది విదేశాలలో చదువబోయేవారికి. ఫలితము వెలువడిన తేదీనుండి మూడేళ్ళ లోపల అక్కడి కాలేజీలో చేరవచ్చును. 2025 ఫలితాలు జూన్ 14న వచ్చినవి గనుక వాటికి 2028 జూన్ వరకు గడువు. "ముందు చేరండి, నీట్ తరువాత చూద్దాము" అనేవారిని మాత్రము గుమ్మము ఎక్కనీయకండి. నీట్ అర్హత లేకుండా వెళ్ళినవారు, తిరిగి వచ్చాక ఇక్కడ వైద్యము చేయుటకు అవసరమైన పరీక్ష వ్రాయలేరు. ఆ పరీక్షలో 300కు 150 రావాలి.

ఈ సంగతులన్నీ ఆ తండ్రికి చెప్పాము. చాలాసేపు సముద్రము వైపు చూస్తూ ఉండిపోయారు. "అయితే పాప చదువు అయిపోయినట్టేనాండి?" అన్నారు. కాదన్నాము. నీట్ ఎన్నిసార్లయినా వ్రాయవచ్చును. 2022లో గరిష్ఠ వయోపరిమితి కూడా తీసివేశారు. ఇంటర్ బై.పి.సి. మార్కుల జాబితాకు గడువంటూ లేదు.

అమ్మాయి మళ్ళీ పుస్తకాలు తీసింది. లాంగ్ టర్మ్ కోచింగ్‌కు డబ్బు లేదు గనుక ఇంటి దగ్గరే చదువుతోంది. వలల సొమ్ము మాత్రము ఇంకా తిరిగి రాలేదు.